విరిగిన చోటే పని ఉంది

"అక్కా, ఎం.టెక్‌లో మెషిన్ డిజైన్ తీసుకోనా, థర్మల్ తీసుకోనా? డిజైన్‌కి ఫ్యూచర్ ఉందా?"

కౌన్సెలింగ్ రోజులొస్తే చాలు, ఇలాంటి మెసేజ్‌లు మొదలవుతాయి. జూనియర్లు, మా బాబాయి కొలీగ్ వాళ్ళబ్బాయి, ఎప్పుడో ఒక వర్క్‌షాప్‌లో నంబర్ తీసుకున్న పిల్లలు. ఇన్నాళ్ళూ ఫోన్లోనే చెప్పేదాన్ని. ఇక ఓపిక లేదు. రాసి పెడితే లింక్ పంపేయొచ్చని కూర్చున్నాను. డిజైన్‌కి పునాది సాలిడ్ మెకానిక్స్, అంటే లోడ్ పడితే వస్తువు ఎలా వంగుతుంది, ఎప్పుడు విరుగుతుందనే శాస్త్రం. దాంట్లో పని ఎక్కడుందో చెప్పడమే ఈ రాత.

ముందు నా సంగతి. మాది కృష్ణా జిల్లా. బి.టెక్ ఒక మామూలు ప్రైవేటు కాలేజీలో మెకానికల్. తర్వాత గేట్ రాసి ఎం.టెక్, ఆపైన పీహెచ్‌డీ. నా థీసిస్ ఫ్యాటిగ్ క్రాక్ గ్రోత్ మీద. అంటే పగులు పుట్టాక, లోడ్ పడీ లేచీ పడీ లేస్తూ ఉంటే అది ఎంత వేగంగా పాకుతుందనే లెక్క. ఇప్పుడు హైదరాబాద్‌లో జెట్ ఇంజన్ విడిభాగాలకు ఆయుష్షు కట్టే ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మమ్మకి ఇది చెబితే "జాతకాలు రాస్తావన్నమాట" అంది. నేనూ కాదనలేదు.

అందరూ మొదట చేసే పని, నౌకరీ సైట్లో "సాలిడ్ మెకానిక్స్" అని కొట్టి చూడటం. ఏమీ రాదు. వచ్చినా ఏదో కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు వస్తుంది. దాంతో ఈ సబ్జెక్టుకి ఉద్యోగాల్లేవని తేల్చేసి పైథాన్ కోర్సులో చేరిపోతారు. ఉద్యోగాలున్నాయి, కాకపోతే వేరే పేర్లతో ఉన్నాయి. విమానాల కంపెనీల్లో "స్ట్రెస్ ఇంజనీర్" అంటారు, "ఫ్యాటిగ్ అండ్ డ్యామేజ్ టాలరెన్స్" అంటారు. ఇంజన్ల వాళ్ళు "లైఫింగ్" అంటారు. కార్ల కంపెనీల్లో "సీఏఈ డ్యూరబిలిటీ" (కంప్యూటర్‌లో మన్నిక లెక్క), "క్రాష్". రిఫైనరీలు, పవర్ ప్లాంట్లలో "స్ట్రక్చరల్ ఇంటెగ్రిటీ", "రిమైనింగ్ లైఫ్ అసెస్‌మెంట్", "ఫిట్‌నెస్ ఫర్ సర్వీస్". చిప్‌ల కంపెనీల్లో "ప్యాకేజ్ రిలయబిలిటీ". చిప్‌ని బోర్డుకి అతికించే సోల్డర్ బాల్ వేడికీ చల్లదనానికీ ఎన్నిసార్లు తట్టుకుంటుందో చూసేది మనవాళ్ళే. ఈ పేర్లతో వెతికి చూడండి, లోకం వేరేగా కనిపిస్తుంది.

ఈ ఉద్యోగాలు ఎందుకున్నాయో కూడా తెలియాలి. 1954లో బ్రిటన్ తయారుచేసిన కామెట్ జెట్ విమానాలు రెండు గాల్లోనే ముక్కలయ్యాయి. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఒక కామెట్ బాడీని నీళ్ళ తొట్టిలో పెట్టి, లోపలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ పోతే అది ఫ్యాటిగ్‌తో చిరిగింది. 1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ళ బోయింగ్ 737కి పైకప్పు ముందుభాగం ఎగిరిపోయింది. దాదాపు 90 వేల సార్లు ఎగిరిన విమానం అది. రివెట్ల వరుసలో ఒక్కో కన్నం దగ్గర పుట్టిన చిన్న చిన్న పగుళ్ళన్నీ ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. ఇప్పుడు పెద్ద ప్రయాణికుల విమానాలకు అమెరికా నిబంధన 25.571 ఏమంటుందంటే, ఇందులో పగులు ఉందనే అనుకో, అది ప్రమాదస్థాయికి పెరిగేలోపు నీ తనిఖీకి దొరుకుతుందని చూపించు అని. చూపించాలంటే లెక్క కట్టే మనిషి కావాలి, టెస్ట్ చేసే మనిషి కావాలి, సంతకం పెట్టే మనిషి కావాలి. మార్కెట్ ఎలా ఉన్నా ఆ సంతకం లేకుండా విమానం లేవదు.

లెక్క ఎంత సున్నితమో చెబుతాను. పగులు వేగానికి 1960లలో వచ్చిన ప్యారిస్ సూత్రం ఒకటుంది. స్ట్రెస్ (లోహంలో ఒక్కో చదరపు మిల్లీమీటర్ మీద పడే బలం) పెరిగితే పగులు ఏ ఘాతంలో వేగం పుంజుకుంటుందో అది చెబుతుంది. లోహాలకు అందులో ఘాతం చాలావరకు 3 చుట్టుపక్కల ఉంటుంది. 3 అనే అనుకుంటే, స్ట్రెస్ రెట్టింపు చేస్తే పగులు ఎనిమిది రెట్లు వేగంగా పాకుతుంది. అదే స్ట్రెస్ 20 శాతం తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. ఒక ఫిల్లెట్ రేడియస్‌ని, అంటే లోపలి మూల గుండ్రదనాన్ని, ఇంకాస్త పెంచితే కస్టమర్‌కి ఇన్‌స్పెక్షన్లు సగానికి తగ్గే సందర్భాలుంటాయి. కంపెనీ మనకి జీతం ఇచ్చేది దీనికే. సాఫ్ట్‌వేర్ చూపించే రంగురంగుల బొమ్మలకి కాదు.

రంగురంగుల బొమ్మలంటే గుర్తొచ్చింది. మా టీమ్‌లో ఇంటర్వ్యూలకి నన్ను కూర్చోబెడుతుంటారు. నేనడిగే ప్రశ్న ఒకటుంది. ఇక్కడ రాసేసినా పర్వాలేదు, ఎందుకంటే జవాబు బట్టీ పట్టినవాళ్ళు రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఎల్ ఆకారంలో ఒక బ్రాకెట్. పైభాగం బిగించి ఉంది, రెండో కాలు మీద లోడ్. లోపలి మూల పదునుగా, సరిగ్గా 90 డిగ్రీలతో గీశాం. కంప్యూటర్‌లో దాన్ని 4 మిల్లీమీటర్ల గడులుగా (దీన్నే మెష్ అంటారు) విడగొట్టి లెక్క నడిపితే ఆ మూల దగ్గర 180 మెగాపాస్కల్స్ వచ్చింది. మెటీరియల్ యీల్డ్, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్, 250. సేఫేనా?

చాలామంది "సేఫ్ మేడమ్, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 1.39" అంటారు. సరే, మెష్ 2 మిల్లీమీటర్లు చేశాం, దాదాపు 247 వచ్చింది. 1 మిల్లీమీటర్ చేశాం, 338 వచ్చింది. ఇప్పుడు? ఇక్కడ మొహాలు మారతాయి. కొందరు "ఇంకా ఫైన్ చేసి కన్వర్జ్ అయ్యేదాకా (జవాబు మారకుండా నిలిచేదాకా) చూస్తాను" అంటారు. అది జన్మలో కన్వర్జ్ కాదు. లోడ్‌కి తగ్గట్టే సాగుతుందనుకునే లీనియర్ ఎలాస్టిసిటీ లెక్కలో అలాంటి మూల దగ్గర స్ట్రెస్ అనంతం అని 1952లోనే విలియమ్స్ చూపించాడు. మెష్ సగం చేసిన ప్రతిసారీ అది మూడో వంతు పైచిలుకు పెరుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ తప్పు చేయడం లేదు, మీరు గీసిన బొమ్మకి అదే నిజమైన జవాబు. గుండ్రని కన్నమైతే అలా కాదు. ఒక దిశలో లాగిన పెద్ద ప్లేటులో చిన్న కన్నం అంచున స్ట్రెస్ గరిష్ఠంగా సరిగ్గా మూడు రెట్ల దగ్గర ఆగుతుంది, 1898 నాటి కిర్ష్ లెక్క అది. ఒకటి ఆగుతుంది, ఒకటి ఆగదు. ఎందుకు?

ఒక అమ్మాయి, తూర్పుగోదావరి వైపు కాలేజీ, రెజ్యూమేలో పెద్దగా ఏమీ లేదు, ఈ ప్రశ్నకి పెన్ను కింద పెట్టేసి "మేడమ్, డ్రాయింగ్‌లో అక్కడ రేడియస్ ఎంతుంది?" అని అడిగింది. నాకు కావలసింది అంతే. నిజం భాగానికి ఏదో ఒక రేడియస్ ఉంటుంది, అది మోడల్ చేస్తే జవాబు స్థిరపడుతుంది. అక్కడ వెల్డ్ ఉంటే కొసన వచ్చిన అంకెని వదిలేసి, కొంచెం దూరంలో రెండు పాయింట్ల దగ్గర చదివి వెనక్కి లెక్కకట్టే హాట్‌స్పాట్ పద్ధతి వాడతారు. అక్కడ పగులే ఉంటే స్ట్రెస్ అనే మాట పక్కనపెట్టి స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్ (పగులు కొస దగ్గర తీవ్రతని కొలిచే అంకె) అడుగుతారు. మూడు సందర్భాలకి మూడు దారులు. ఏ దారో తెలిసినవాళ్ళని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫర్వాలేదని తీసుకుంటాం. ఆన్సిస్ తెలిసిన మనిషికి అబాకస్ నేర్పడానికి కొన్ని వారాలు చాలు.

అందుకే అమీర్‌పేట కోర్సుల గురించి అడిగినవాళ్ళకి నేను వద్దనీ చెప్పను, వెళ్ళమనీ చెప్పను. బటన్లు నేర్పుతారు, అదీ కావాలి. కానీ సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కాల్‌క్యులిక్స్, కోడ్ ఆస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. కోడ్ ఆస్టర్‌ని ఫ్రాన్స్ కరెంటు సంస్థ తమ అణువిద్యుత్ కేంద్రాల కోసం తయారుచేసుకుంది. ఇంట్లో లాప్‌టాప్‌లో కన్నం ఉన్న ప్లేటు నడిపి, మూడు ఎందుకొచ్చిందో చేత్తో రాసుకున్నవాళ్ళు నా దృష్టిలో ముందుంటారు.

ఇక ల్యాబ్. మన పిల్లలు ల్యాబ్ అంటే చిన్నచూపు చూస్తారు. "టెస్టింగా? అది టెక్నీషియన్ పని కదా అక్కా." అస్సలు కాదు. నేను పీహెచ్‌డీలో నేర్చుకున్నదాంట్లో సగం సర్వో హైడ్రాలిక్ మెషీన్ (నూనె ఒత్తిడితో ముక్కని లాగి వదిలే యంత్రం) పక్కన నిలబడి నేర్చుకున్నదే. కాంపాక్ట్ టెన్షన్ స్పెసిమెన్ అని అరచేతిలో పట్టే చదరపు ముక్క ఉంటుంది, రెండు పిన్ను కన్నాలు, మధ్యలో వైర్‌కట్‌తో కోసిన సన్నని గాడి. ఆ గాడి మన కంటికి పదునే, లోహానికి మొద్దు. కాబట్టి ముందు చిన్న లోడ్లతో లాగి వదిలి, లాగి వదిలి, గాడి కొసన అసలు పగులు పుట్టించాలి. దీన్ని ప్రీక్రాకింగ్ అంటారు. లోడ్ ఎక్కువైతే కొస దగ్గర లోహం సాగిపోయి, ఆ తర్వాత వచ్చే డేటా మొత్తం పనికిరాకుండా పోతుంది. అందుకే పగులు పెరిగేకొద్దీ లోడ్ మెల్లగా దించుకుంటూ రావాలి. పాలిష్ చేసిన ముఖం మీద లైటు వాలుగా వేసి ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌లో చూస్తే, వెంట్రుక కన్నా సన్నని గీత ఒక్కసారిగా కాదు, ఉందా లేదా అన్నట్టు మొదలవుతుంది. ఒక పక్క ముందుకెళ్ళి రెండో పక్క వెనకబడితే స్పెసిమెన్ వాలుగా బిగించారని అర్థం. ఇవన్నీ పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంటాయి.

ఆ అనుభవం ఉద్యోగంలో ఎలా పనికొస్తుందంటే, పాత కంపెనీలో (పేరు వద్దు) ఒక పంపు స్టాండు వైబ్రేషన్ టెస్టులో విరిగింది. రిపోర్టులో ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ రెండు పైనే ఉంది. మీటింగ్‌లో అందరూ మెటీరియల్ సప్లయర్ మీద పడ్డారు. విరిగిన ముక్క ఎవరూ చూడలేదు. తెప్పించి చూస్తే వెల్డ్ అంచు వెంబడి చిన్న చిన్న మెట్లు, అంటే పగులు ఒకచోట కాక పలుచోట్ల పుట్టింది. అక్కడినుంచి ఒడ్డున అలలు వదిలిన గీతల్లా వంపు తిరిగిన బీచ్ మార్కులు, అంటే పగులు పాకిన జాడలు. చివర గరుకైన చిన్న ముక్క, అదే ఆఖరున తెగిన భాగం. తెగిన భాగం అంత చిన్నదిగా ఉందంటే లోడ్ పెద్దది కాదు, మెటీరియల్ కూడా బాగానే ఉంది. స్టాటిక్ లెక్క (ఒకే లోడ్ నిలకడగా ఉందనుకుని కట్టింది) కరెక్టే, అడగాల్సిన లెక్క మాత్రం అది కాదు, ఫ్యాటిగ్‌ది. వెల్డ్‌ని కాస్త పక్కకి జరిపి, దాని అంచుని గ్రైండ్ చేస్తే సరిపోయింది. సప్లయర్‌కి ఎవరూ సారీ చెప్పలేదనుకోండి, అది వేరే విషయం.

రీసెర్చ్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి. హైదరాబాద్‌లో ఉండి ఈ సబ్జెక్టుకి అవకాశాల్లేవనడం గోల్కొండ కింద నిలబడి కోట ఎక్కడుందని అడగడమే. కంచన్‌బాగ్ వైపు డీఎంఆర్‌ఎల్ (రక్షణ లోహాల ల్యాబ్), డీఆర్‌డీఎల్ (క్షిపణుల ల్యాబ్), పక్కనే ప్రత్యేక లోహాలు చేసే మిధాని. బాలాపూర్ దగ్గర కొత్త పదార్థాల మీద పనిచేసే ఏఆర్‌సీఐ. ఇటు ఈసీఐఎల్ పక్కన ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధన సముదాయం). మన భారజల రియాక్టర్లలో ఇంధనం ఉండే జిర్కోనియం ప్రెషర్ ట్యూబులు ఎన్‌ఎఫ్‌సీలోనే తయారవుతాయి. ఆ ట్యూబులో హైడ్రోజన్ చేరి, హైడ్రైడ్ పలకలుగా పేరుకుని, కొద్దికొద్దిగా పగులు పాకే సమస్య ఒకటుంది. దాని మీద దశాబ్దాలుగా పని జరుగుతూనే ఉంది, ఇంకా జరగాలి. విశాఖలో నౌకాదళ ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్, చెన్నైలో కట్టడాల ల్యాబ్ ఎస్‌ఈఆర్‌సీ, కల్పాక్కంలో అణు పరిశోధనా కేంద్రం ఐజీకార్, బెంగళూరులో విమానాల ల్యాబ్ ఎన్‌ఏఎల్, జెట్ ఇంజన్ల ల్యాబ్ జీటీఆర్‌ఈ, తిరువనంతపురంలో రాకెట్ల కేంద్రం వీఎస్‌ఎస్‌సీ. పట్టాల వెల్డింగుల మీద ఆసక్తి ఉంటే లక్నోలో రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ. చదువుకి ఐఐఎస్‌సీ, పాత ఐఐటీలు సరే. కంది క్యాంపస్‌లో ఐఐటీ హైదరాబాద్, వరంగల్ ఎన్‌ఐటీ కూడా చూడండి. ఊరి పేరు చూసి కాక, గైడ్ ఈమధ్య రాసిన పేపర్లు చూసి చేరండి. ఐదేళ్ళు కాపురం ఆయనతోనో ఆవిడతోనో.

గేట్‌లో చాలామందికి తెలియనిది ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్. అందులో ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ తప్పనిసరి, మిగతా విభాగాల్లో రెండు మనం ఎంచుకోవాలి, వాటిలో సాలిడ్ మెకానిక్స్ ఒకటి. సివిల్ వాళ్ళు, ఏరో వాళ్ళు, మెటలర్జీ వాళ్ళు కూడా దీని ద్వారా ఇటు రావచ్చు. కానీ ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకి ఎక్కువగా అడిగేది ఎంఈ (మెకానికల్) పేపర్. రెండు పేపర్లు రాసే వీలు ఉంది కాబట్టి, అనుమతించిన జతల జాబితా ఆ ఏడాది బ్రోచర్లో చూసుకుని నిర్ణయించుకోండి.

డబ్బు గురించి ఎవరూ సూటిగా చెప్పరు, నేను చెబుతాను. గేట్‌తో ఎం.టెక్ స్టైపెండ్ నెలకి 12,400. పీహెచ్‌డీలో మొదట వచ్చే జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 నుంచి 37,000, రెండేళ్ళ తర్వాత సీనియర్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000. 2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ 70,000తో మొదలైంది, కానీ అది కొద్దిమందికే. మీతోపాటు చదివి సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిన ఫ్రెండు ఈలోగా కారు కొంటాడు, మీ పెళ్ళి సంబంధాల్లో "ఇంకా చదువుతోందా" అంటారు. ఇంట్లో అప్పులుంటే ముందు అవి తీర్చండి, ఉద్యోగం చేస్తూ కూడా ఈ దారికి రావచ్చు. నాతో చదివినవాళ్ళలో ఇద్దరు అలా వచ్చినవాళ్ళే, మా అందరికన్నా బాగా చదివారు.

విదేశాలంటారా. అమెరికాలో పీహెచ్‌డీకి ఫీజు మాఫీతో పాటు రీసెర్చ్ అసిస్టెంట్ జీతం సాధారణం, కానీ ఎం.ఎస్‌కి అప్పు చేసి వెళ్ళడం వేరే లెక్క. ఒక విషయం ముందే తెలుసుకుని వెళ్ళండి: అక్కడ రక్షణ, అంతరిక్ష కంపెనీల్లో ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల చాలా ఉద్యోగాలు పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్ళకే. ఏరోస్పేస్ కల కనేవాళ్ళు అక్కడికెళ్ళాక ఇది తెలిసి డీలా పడటం చూశాను. ఆటో, మెడికల్ పరికరాలు, చిప్‌ల వైపు ఆ అడ్డంకి చాలా తక్కువ. యూరప్‌లో జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి చోట్ల పీహెచ్‌డీ అంటే చాలావరకు ఉద్యోగమే, కాంట్రాక్టూ జీతమూ ఉంటాయి. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ పోస్టులకి మన దేశం నుంచి నేరుగా అప్లై చేయొచ్చు. చేరబోయే దేశంలో గడిచిన మూడేళ్ళలో ఏడాదికి మించి ఉండి ఉండకూడదు, ఇక్కడినుంచి వెళ్ళేవాళ్ళకి అది కలిసొచ్చే నిబంధనే.

మనవాళ్ళు ఈ రంగంలో చిన్నవాళ్ళేం కాదు. గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి ఫ్రాక్చర్ మెకానిక్స్ (పగుళ్ళ శాస్త్రం), కంప్యుటేషనల్ మెకానిక్స్‌లో ప్రపంచమంతా తెలిసిన పేరు. 2013లో పద్మభూషణ్ ఇచ్చారు. మెష్ లేకుండానే లెక్క కట్టే ఎంఎల్‌పీజీ పద్ధతి ఆయన 1998లో తెచ్చిందే. వరంగల్‌లో పుట్టి ఉస్మానియాలో బీఈ చేసిన జె.ఎన్.రెడ్డి పేరు మీద ప్లేట్ల సిద్ధాంతమే ఉంది, కాంపోజిట్లతో (పోగులూ జిగురూ కలిపి చేసిన పదార్థాలతో) పనిచేసేవాళ్ళకి అది రోజూ కావాలి. 2019లో టిమోషెంకో మెడల్ ఆయనకే వచ్చింది. మా రంగంలో అంతకన్నా పెద్ద గౌరవం లేదనే అనాలి. గుడివాడ మా ఊరికి దగ్గరే. అయినా బి.టెక్ అయ్యేదాకా మా కాలేజీలో ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

ఏ టాపిక్ మీద చేయాలి? నన్నడిగితే ఫ్యాషన్ చూసి దిగకండి. కంప్యూటర్‌లో పగులు దారిని లెక్కకట్టే ఫేజ్ ఫీల్డ్ ఫ్రాక్చర్ మీద ఇప్పుడు పేపర్లు వరదలా వస్తున్నాయి, పగులు ఎటు తిరిగినా దాన్నే పట్టుకుపోయే అందమైన పద్ధతి. కానీ కోడ్ రాసి బొమ్మ చూపించి ఆగిపోయేవాళ్ళు ఎక్కువ, పక్కన ఒక ప్రయోగం పెట్టి పోల్చేవాళ్ళు తక్కువ. ఆ తక్కువవాళ్ళలో చేరండి. బ్యాటరీల్లో సిలికాన్ కణం లిథియం తాగి దాదాపు నాలుగింతలవుతుంది, పగలకుండా ఉంటుందా? అదీ మన సమస్యే. 3డీ ప్రింట్ చేసిన టైటానియంలో చిన్న రంధ్రం ఎక్కడుంటే ఆయుష్షు ఎంత తగ్గుతుందో సర్టిఫై చేయడం తెలియక కంపెనీలు తలలు పట్టుకుంటున్నాయి. గ్రీన్ హైడ్రోజన్ అంటూ అందరూ ట్యాంకులు, పైపులు కడతామంటున్నారు, హైడ్రోజన్ ఉక్కుని పెళుసు చేస్తుందనేది వందేళ్ళ పాత సంగతి. మెషిన్ లెర్నింగ్ వాడండి, తప్పులేదు. ఫ్యాటిగ్ డేటా మాత్రం ఇంటర్నెట్‌లో దొరికే పిల్లుల ఫోటోల్లా ఉండదు, ఒక్కో పాయింటుకి మెషీన్ రోజులకొద్దీ నడవాలి.

చివరగా ప్రొఫెసర్లకి మెయిల్ గురించి, ఎందుకంటే దీని మీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ హైలీ ఇంట్రెస్టెడ్" అని ఒకే మెయిల్ వందమందికి పంపితే అందరికీ తెలిసిపోతుంది. వాళ్ళ పేపర్ ఒకటి తీసుకోండి. అందులో ఒక గ్రాఫ్ మీరు స్వయంగా తిరిగి రాబట్టండి. రాకపోతే ఎక్కడ ఆగారో రాయండి: "మీ నాలుగో బొమ్మలో మీకు వచ్చిన వాలు నాకు రావడం లేదు, నా బౌండరీ కండిషన్ ఇది, ఎక్కడ తేడా పడిందో అర్థం కాలేదు." నాలుగు లైన్లు, ఒక బొమ్మ, అంతే. నేను చదివిన ల్యాబ్‌లో మా గైడ్ మిగతావి తెరవకుండానే వదిలేసేవారు కానీ, ఇలాంటి మెయిల్ వస్తే మాత్రం టీ తాగడం ఆపి మమ్మల్ని పిలిచి చూపించేవారు.